డిజైన్ గురువు బొమ్మలు వేస్తే: న్యాయంగా విమర్శించడం ఎలా

హనుమకొండలో నాకు అక్షరాల పని నేర్పిన సార్ కొన్నేళ్ల కింద కాన్వాసుల మీద బొమ్మలు వేసి ఒక ప్రదర్శన పెట్టారు. సైన్‌బోర్డులు, పుస్తకాల అట్టలు, పెళ్లి కార్డులు, తెలంగాణ ఉద్యమం రోజుల పోస్టర్లు, ఈ చుట్టుపక్కల ఆయన చెయ్యి పడని పని లేదు. క్లాసులో ఆయన నోట వందసార్లు విన్న మాట ఒకటుంది: "ఇరవై అడుగుల దూరంల నిలబడి సదవరాకపోతే అది అక్షరం కాదు, మరక." ప్రదర్శనకు వెళ్లి చూస్తే ఎనిమిది కాన్వాసులు. వాటి నిండా తలకట్లు, ఒత్తులు, కొమ్ములు, గుడులు ఒకదాని మీద ఒకటి కుప్పగా పడి ఉన్నాయి. ఒక్క పదం కూడా చదవలేకపోయాను. ఆ రాత్రే కూర్చుని, తన సూత్రాన్ని తానే మరిచిపోయిన గురువు అన్న ధోరణిలో రెండు పేజీలు రాసి ఒక చిన్న పత్రికకు పంపాను. అచ్చయింది. నలుగురు మెచ్చుకున్నారు కూడా.

అది చదివి సార్ ఫోన్ చేశారు. "మంచిగనే రాసినవ్. కానీ ఒక్కటి చెప్పు. నువ్వు ఆడికి సదవనీకి వచ్చినవా, సూడనీకి వచ్చినవా?"

నా దగ్గర జవాబు లేదు. ప్రదర్శన ఇంకా నాలుగు రోజులు ఉందంటే మళ్లీ వెళ్లాను, రెండుసార్లు. అప్పుడు అర్థమైంది. ఆయన్ను విమర్శించడం తప్పు కాదు, పట్టుకోకూడని చోట పట్టుకున్నాను. నిజంగా పట్టుకోవాల్సిన లోపాలు ఆ హాల్లోనే రెండు ఉన్నాయి, రెండూ నా కంట పడలేదు. అవేమిటో కింద చెప్తాను.

ఆ తర్వాత నుంచి నేను పాటిస్తున్న వరస ఇది. వరంగల్‌లోనో కరీంనగర్‌లోనో సిద్దిపేటలోనో మీకు తెలిసిన డిజైనరో ఆర్కిటెక్టో తాను వేసిన బొమ్మలు, చెక్కిన శిల్పాలు చూడ్డానికి రమ్మని మిమ్మల్ని పిలవవచ్చు. దాని మీద రాయాలన్నా, వేదిక ఎక్కి నాలుగు మాటలు మాట్లాడాలన్నా ఇది మీకు పనికొస్తుంది.

మొదటి పని: శాలువా కప్పక ముందే చూడండి

మన సభల తీరు మీకు తెలుసు. బొకే, శాలువా, మెమెంటో, ఆపైన "వారి గురించి చెప్పేంతటి వాణ్ని కాను" అన్న మాట. బొమ్మల వైపు తిరిగి చూసేవాళ్లు తక్కువ. మొహం చూసి బొట్టు పెట్టడం అంటే ఇదే. పేరు పెద్దది కాబట్టి పొగడటం ఎంత అన్యాయమో, పేరు పెద్దది కాబట్టి నాలుగు తగిలించాలనుకోవడమూ అంతే అన్యాయం. రెండింటిలోనూ బొమ్మను ఎవరూ చూడలేదు.

అందుకే ప్రారంభోత్సవం రోజు వెళ్లకండి. వెళ్లక తప్పకపోతే ఆ రోజు చూసిన చూపుని లెక్కలోకి తీసుకోకండి. మామూలు రోజు, జనం లేని వేళ వెళ్లండి. బ్రోచర్ మడిచి జేబులో పెట్టుకోండి. ఒక్క బొమ్మ ముందు పది నిమిషాలు నిలబడండి. ఫోన్‌లో టైమ్ పెట్టుకుని నిలబడితే ఇంకా మంచిది, పది నిమిషాలు మనం అనుకున్నదానికంటే చాలా పొడుగు. తర్వాత ఒక కాగితం మీద కనిపించింది మాత్రమే రాసుకోండి. "అద్భుతం", "గందరగోళం" లాంటి మాటలు అందులో ఉండకూడదు.

రెండోసారి వెళ్లినప్పుడు ఏడో కాన్వాసు గురించి నేను రాసుకున్నది ఇలా ఉంది: "దాదాపు నాలుగడుగుల ఎత్తు. తలకట్లు తప్ప ఇంకేమీ లేవు, పైనుంచి కిందికి చిన్నవవుతున్నాయి. బోర్డు పనికి వాడే చదును కుంచెతోనే వేశారు, గీత మొదట్లో మందం, విరుపు దగ్గర సన్నం. కుడివైపు కింద ఏడెనిమిది గీతలు సగంలో రంగు అయిపోయి ఆరిపోయినట్టు ఉన్నాయి, కుంచె వెంట్రుకల చారలు కనిపిస్తున్నాయి. ఎక్కడా వాటిని దిద్దలేదు."

ఇంత రాశాక నాకొకటి తట్టింది. పాతికేళ్లకు పైగా బోర్డులు రాసిన మనిషి ఏ బోర్డు మీదా రంగు ఆరిపోయిన గీత వదల్లేదు. వదిలితే షాపు ఓనర్ ఊరుకోడు. ఇక్కడ కావాలనే వదిలారు. మొదటిసారి నేను చదవాలని చూశాను కాబట్టి ఆ ఆరిపోయిన గీతలు నాకు కనబడలేదు.

రెండో పని: ఆ వస్తువు ఏ పనికి పుట్టిందో తేల్చుకోండి

ఇక్కడ తేడా పడితే తర్వాత ఎన్ని మంచి మాటలు రాసినా లాభం లేదు. డిజైన్‌కి ముందే ఒక పని ఉంటుంది, ఆ పని చెప్పినవాళ్లు ఉంటారు, అది వాడేవాళ్లు ఉంటారు. పోస్టర్ని వరంగల్ చౌరస్తాలో బస్సు కిటికీలోంచి మూడు సెకన్లు చూస్తారు, ఆ మూడు సెకన్లలో సభ ఎప్పుడో ఎక్కడో తెలియాలి. గోడ మీది బొమ్మకు ఆ బాధ్యత లేదు. దానికి తన పని తానే వెతుక్కునే స్వేచ్ఛ ఉంది, ఆ పని దొరక్కపోతే ఓడిపోయే ప్రమాదమూ ఉంది.

వరంగల్ కొత్తవాడలో నేసే దర్రీనే (జంపఖానా) చూడండి. దాని మీద కూర్చుంటారు, దులుపుతారు, ఉతుకుతారు, మడతపెట్టి అటక మీద పడేస్తారు. రంగు దిగినా అంచు లేచినా అది దర్రీ లోపమే, అంచు ఎంత అందంగా ఉన్నా సరే. అదే నూలుతో, అదే మగ్గం మీద, అదే మనిషి గోడకు వేలాడదీయడానికి ఒకటి నేశాడనుకోండి. పోగులు కిందికి వదిలేశాడు, మధ్యలో ఒక చోట అల్లికే లేదు. దాన్ని చూసి "దీని మీద ఎవరు కూర్చుంటారు" అనడం విమర్శ కాదు. "ఆ ఖాళీ ఎందుకు? గోడ కనబడటం తప్ప దానితో ఇంకేం జరిగింది?" అని అడగడం విమర్శ.

మన ప్రాంతంలో డిజైన్‌కూ బొమ్మకూ మధ్య ఈ గీత ఇంత గట్టిగా ఉండేది కాదు, ఇది కూడా గుర్తుంచుకోవాలి. చేర్యాల నకాశీ పటం, అంటే కథ చెప్పడానికి గుడ్డ మీద వేసే బొమ్మల చుట్ట, దాని సంగతే తీసుకోండి. చేర్యాల 2016 దాకా వరంగల్ జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు సిద్దిపేట జిల్లా. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతలు పూస్తారు. ఆరాక దాని మీద బొమ్మ గీస్తారు, వెనక ఎర్రరంగు నింపుతారు. పద్మశాలీలకు కథ చెప్పే కూనపులి వాళ్లు, మాదిగలకు చెప్పే డక్కలి వాళ్లు ఆ పటాన్ని ఒక్కో అర కిందికి విప్పుతూ కథ నడిపేవాళ్లు. వాకిట్లో కూర్చున్న వెనక వరస మనిషికి కూడా ఎవరు దేవుడో ఎవరు రాక్షసుడో తెలియాలి. అంటే అది కథకుడి పనిముట్టు, చూసేవాడికి బొమ్మ, రెండూ ఒకే గుడ్డ మీద. ఈ రోజు అదే చెయ్యి అడుగు పొడవు ఫ్రేములు, మాస్కులు, కీచైన్లు చేస్తోంది. అడుగు ఫ్రేమ్‌ను పట్టుకుని "పాత పటంలో ఉన్న కథ నడక ఇందులో లేదు" అంటే ఆ ఫ్రేమ్‌కు అన్యాయం చేసినట్టే, అది కథ నడపడానికి పుట్టలేదు. గీత పల్చబడిందా, ముఖాలన్నీ ఒకే అచ్చులో వస్తున్నాయా అని అడగొచ్చు. అది ఫ్రేమ్‌కూ వర్తిస్తుంది, పటానికీ వర్తిస్తుంది.

మూడో పని: ఎవరి నిర్ణయమో కనుక్కోండి

ఇది డిజైన్ వైపు చూసేటప్పుడు ముఖ్యం. తెలంగాణ ప్రభుత్వ చిహ్నం 2014లో గీసింది చిత్రకారుడు ఏలె లక్ష్మణ్. మధ్యలో మన కాకతీయ కళాతోరణం, దాని లోపల చార్మినార్, పైన సింహాలు, చుట్టూ మూడు భాషల్లో రాష్ట్రం పేరు. ఆయన బొమ్మలు వేసే మనిషి కూడా కాబట్టి మనం మాట్లాడుకుంటున్న దానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు. 2024లో చిహ్నం మారుస్తారన్న మాట వచ్చినప్పుడు ఇక్కడ ఎంత వేడిగా మాటలు నడిచాయో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ చర్చలో మూడు వేర్వేరు ప్రశ్నలు ఒకే గాటన కట్టేశారు. తోరణం, చార్మినార్ ఉండాలా వద్దా అన్నది ఒకటి. ఇది ప్రభుత్వాన్ని, ప్రజల్ని అడగాల్సిన ప్రశ్న, గీసిన చేతిని కాదు. ఉన్నవాటిని ఎంత బాగా కూర్చారు అన్నది రెండోది, అది డిజైనర్‌దే. దీన్ని పరీక్షించడానికి దారి ఉంది. ఏదైనా ప్రభుత్వ ఆఫీసులో ఆ చిహ్నం ఉన్న రబ్బరు స్టాంపు ముద్ర ఉంటే తీసుకుని చూడండి. రూపాయి బిళ్ల సైజులో, సిరా కాస్త పాకినప్పుడు, మీనార్ల గీతలు నిలిచాయా, అక్షరాలు చదవగలుగుతున్నారా? అదే చిహ్నాన్ని ఆఫీసు ముందు బోర్డు మీద పెద్దగా చూడండి. ఈ రెండు చోట్లా మీకు కనిపించింది రాస్తే అది విమర్శ. మూడోది ఆయన వేసే బొమ్మలు. చిహ్నం నచ్చలేదని వాటి మీద పడటం అత్త మీద కోపం దుత్త మీద తీయడమే.

నాలుగో పని: ఆయన సూత్రాన్ని ఆయన మీదే వాడాలంటే

డిజైన్ గురువుల మీద రాసేవాళ్లందరం జారేది ఇక్కడే. వాళ్లు జీవితమంతా సూత్రాలు చెప్పి ఉంటారు, అవి మన చేతిలో సిద్ధంగా ఉంటాయి. బొమ్మ కనబడగానే ఆ సూత్రం తీసి కొట్టేస్తాం. నేను చేసిందీ అదే.

అమెరికాలో ఎడ్వర్డ్ టఫ్టీ అని ఒకాయన ఉన్నారు. అంకెల్ని గ్రాఫులుగా ఎలా చూపాలో 1983లో తన సొంత ఖర్చుతో పుస్తకం వేసి ప్రపంచానికి నేర్పారు. గ్రాఫులో వాడిన సిరాలో వీలైనంత ఎక్కువ భాగం సమాచారం చెప్పడానికే ఖర్చవ్వాలి, ఉత్త అలంకారం వద్దు అన్నది ఆయన మాట. అదే మనిషి కనెక్టికట్‌లో తన పొలంలో పెద్ద పెద్ద లోహపు శిల్పాలు నిలబెట్టారు. పొలంలో నిలబెట్టిన ఇనుముని చూసి "ఇందులో సమాచారం ఏది, అలంకారం తప్ప?" అంటే అది గ్రాఫు కొలత తెచ్చి చెట్టుకు పెట్టినట్టు. ఆయన ఆ సూత్రం చెప్పింది గ్రాఫుల గురించి, లోకంలోని ప్రతి వస్తువు గురించి కాదు.

అయితే ఆయనే ఇంకో పని చేశారు. కణాల తాకిడిని చూపడానికి భౌతిక శాస్త్రవేత్త ఫైన్‌మన్ మొదలుపెట్టిన తరహా రేఖాచిత్రాలను స్టెయిన్‌లెస్ స్టీల్ తీగలతో గోడ మీద నిలబెట్టారు. ఆరు ఫోటాన్లు (కాంతి కణాలు) ఒకదానితో ఒకటి తగిలి చెదిరే తీరుకు 120 రేఖాచిత్రాలు వస్తాయి, ఆ 120నీ ఒకే కృతిగా చేశారు. ఇక్కడ సంగతి వేరు. ఆ బొమ్మ తానే ఒక సమాచారం చెప్తున్నానంటోంది, "అన్నీ ఉన్నాయి" అంటోంది. కాబట్టి 120 ఉన్నాయా, గీతల కలయికలు సరైనవేనా, తీగ నీడ గోడ మీద పడి లేని గీతను పుట్టిస్తోందా అని అడగొచ్చు. అడగాలి కూడా. బొమ్మ ఏ మాట ఇచ్చిందో ఆ మాట మీద నిలదీయండి.

ఇప్పుడు మా సార్ ప్రదర్శనలో నేను చూడని మొదటి లోపం చెప్తాను. లేబుళ్లు. ప్రతి కాన్వాసు కింద ఒక చిన్న కాగితం ముక్క అంటించారు. బొమ్మ పేరు, కొలత, ఏ రంగులు వాడారు, ధర. అక్షరాలు పుస్తకంలో వేసే సైజు, ఇంకా చిన్నవేమో. అవి నేల నుంచి రెండడుగుల ఎత్తులో ఉన్నాయి, మోకాలికి కొంచెం పైన. నేను వెళ్లిన రెండో రోజు ఒక పెద్దాయన ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేత్తో కళ్లజోడు సర్దుకుంటూ వంగి చదవడానికి కష్టపడ్డారు. రెండు లేబుళ్లు చదివి మూడో దాని దగ్గర వదిలేశారు. లేబుల్ బొమ్మ కాదు, అది డిజైన్. చదవడానికే పుట్టింది. "ఇరవై అడుగుల దూరంల సదవరాకపోతే మరక" అన్న మాట నిలబెట్టి అడగాల్సింది అక్కడ. కాన్వాసు మీద అక్షరం చదవలేకపోయానని రెండు పేజీలు గింజుకున్న నేను, నిజంగా చదవాల్సిన అక్షరాలు చదవలేకుండా ఉన్నాయని మొదటిరోజు గమనించనే లేదు.

ఒకే హాల్లో ఒకే మనిషి రెండు కుర్చీల్లో కూర్చుంటాడు. మీ నోట్‌బుక్‌లో పేజీ మధ్యకు గీత కొట్టి, ఎడమవైపు బొమ్మలు, కుడివైపు డిజైన్ అని రాసుకోండి. కేటలాగ్, ఆహ్వాన పత్రిక, లైట్లు, బొమ్మల మధ్య దూరం, లేబుళ్లు ఇవన్నీ కుడివైపు. డిజైన్ గురువు ప్రదర్శనలో కుడివైపు ఎంత కఠినంగా ఉన్నా తప్పులేదు. అది ఆయన విద్య, అందులో ఆయన మనకు పాఠం చెప్పారు.

ఐదో పని: ఒక చేతి అలవాటు ఇంకో చేతిలోకి ఎక్కడ దిగిందో వెతకండి

"మరి రెండూ వేర్వేరు అయితే ఆయన డిజైనర్ అన్న సంగతే ఎత్తకూడదా?" అని మీరు అడగొచ్చు. ఎత్తాలి. నా దృష్టిలో మొత్తం విమర్శలో విలువైన భాగం ఇదే. కాకపోతే బొమ్మ చూశాక ఎత్తాలి, చూడక ముందు కాదు.

డిజైన్ పని చేసి చేసి చేతికి కొన్ని అలవాట్లు పడతాయి. చుట్టూ సమానంగా మార్జిన్ వదలడం. కంటికి ముందు ఎక్కడ ఆనాలో తేల్చి పెట్టడం. మూడు రంగుల్లో ముగించడం, ఎందుకంటే నాలుగో రంగుకి ప్రింటింగ్ ఖర్చు. తప్పు కనబడితే దిద్దేయడం. పోస్టర్‌కు ఇవన్నీ బలం. కాన్వాసు దగ్గరికొచ్చేసరికి ఇవే అడ్డం పడవచ్చు. చూసేవాడికి వెతుక్కునే పని మిగలదు, అన్నీ ముందే సర్దేసి ఉంటాయి. మొదటి చూపులోనే బొమ్మ అయిపోతుంది. పోస్టర్ మొదటి చూపులోనే అయిపోవాలి, బొమ్మ అలా అయిపోతే మళ్లీ దాని దగ్గరికి ఎవరూ రారు.

మా సార్ ఎనిమిది కాన్వాసుల్లో నేను వదిలేసిన రెండో లోపం ఇది. ఐదింట్లో అక్షరాల కుప్ప కాన్వాసుకు సరిగ్గా మధ్యలో కూర్చుంది. నాలుగు వైపులా జానెడు ఖాళీ, అచ్చం పుస్తకం అట్ట మీద బొమ్మ పెట్టినట్టు. కుప్ప కూలినట్టు కనబడాలన్నది ఆయన ఉద్దేశమైతే, మార్జిన్ దాన్ని కూలనివ్వలేదు. మూడింట్లో మాత్రం ఒత్తులు అంచు దాకా వెళ్లి తెగిపోయాయి, కొమ్ములు కాన్వాసు బయటికి పోయినట్టు ఉన్నాయి. ఆ మూడింటి ముందు నేను నిలబడిపోయాను. ఏడోది ఆ మూడింట్లో ఒకటి. ఖిలా వరంగల్‌లో నేల మీద పడి ఉన్న రాళ్ల మధ్య నడుస్తుంటే ఇది ఏ గోడదో, ఆ రాయి ఏ స్తంభానిదో అని మనసు అతికించుకుంటూ పోతుంది కదా, అలా నా కళ్లు ఆ గీతల్ని అతికించి అక్షరాలు చేయాలని చూశాయి, కుదరలేదు. అది వచ్చింది బోర్డు పని నుంచే. తలకట్టు ఎక్కడ విరగాలో తెలిసిన చెయ్యి కాబట్టే దాన్ని విరక్కుండా ఆపితే మనకు తేడా తెలుస్తోంది. అదే అలవాటు ఐదు చోట్ల బొమ్మను బిగించేసింది, మూడు చోట్ల బొమ్మకు బలమైంది. ఈ ఒక్క మాట రాసి ఉంటే నా మొదటి వ్యాసం విలువైనదయ్యేది.

ఎదురు దారిలో కూడా చూడండి. బొమ్మలు వేసే మనిషి అట్ట డిజైన్ చేస్తే, బొమ్మ మీద మమకారంతో పుస్తకం పేరుని ఏ మూలకో నెట్టేయడం మనం రోజూ చూస్తున్నదే. అది బొమ్మగా ఎంత బాగున్నా అట్టగా లోపమే, అలాగే రాయండి.

ఆరో పని: నేరాలు వేరు చేయండి

కొన్నిసార్లు మనిషి చేసిన పని మీద కోపం ఉంటుంది, అది బొమ్మ మీదికి పాకుతుంది. చండీగఢ్ కట్టిన ఆర్కిటెక్ట్ లె కార్బూసియే జీవితాంతం బొమ్మలు వేశాడు. అక్కడి అసెంబ్లీకి ఉన్న పెద్ద ఎనామెల్ తలుపు మీది బొమ్మలూ ఆయనవే. అదే మనిషి 1938-39లో ఫ్రాన్స్‌లో ఐలీన్ గ్రే అనే ఆర్కిటెక్ట్ డిజైన్ చేసిన ఇంటి తెల్ల గోడల మీద ఆమె అనుమతి లేకుండా బొమ్మలు వేశాడు. ఇందులో మూడు విషయాలున్నాయి. ఇంకొకరి పనిని అడక్కుండా మార్చడం తప్పు, దాన్ని తప్పు అనే రాయాలి. ఆ గోడ బొమ్మలు బొమ్మలుగా ఎలా ఉన్నాయన్నది వేరే ప్రశ్న. చండీగఢ్ భవనాలు ఎండకు, వానకు, మనుషులకు ఎలా పనికొస్తున్నాయన్నది ఇంకో ప్రశ్న. మొదటిది చెప్పడానికి వెనకాడకండి, కానీ దాన్ని మిగతా రెండింటికి సాక్ష్యంగా వాడకండి.

ఏడో పని: ఆ బొమ్మ ఆయనదేనా?

ఇది చిన్న పని, చాలామంది వదిలేస్తారు. తోట వైకుంఠం పేరు చెప్పగానే పెద్ద బొట్టు, నిండు రంగుల చీరలతో తెలంగాణ ఆడవాళ్లు కళ్ల ముందుకొస్తారు. ఉమ్మడి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లి నుంచి వచ్చిన మనిషి, బరోడాలో చదివారు, 1988 నాటి 'దాసి' సినిమాకు కళా దర్శకత్వంలో జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. బొమ్మలూ వేశారు, సినిమా కోసం గడీ లోపలి ప్రపంచాన్నీ నిలబెట్టారు. ఇప్పుడు ఆ ధోరణి బొమ్మలు హోటల్ గోడల మీద, కప్పుల మీద, చీరల మీద కనబడుతున్నాయి. వాటిలో ఎన్నో వేరేవాళ్లు చేసిన నకళ్లు. "ఒకే ముఖాన్ని మళ్లీ మళ్లీ వేస్తున్నారు" అని రాయాలంటే ముందు అసలు కాన్వాసులు వరసగా, ఏ ఏడాదివో చూసుకుని చూడండి. హోటల్ గోడ చూసి చిత్రకారుడి మీద తీర్పు చెప్పకండి.

ఎనిమిదో పని: మీ లెక్క బయట పెట్టండి

ఆయన మీ గురువా? మీకు రావాల్సిన పని ఎప్పుడైనా ఆయనకు పోయిందా? ఆయన బొమ్మ మీ ఇంట్లో ఉందా? ఏదైనా ఉంటే మొదటి పేరాలోనే ఒక్క వాక్యంలో చెప్పేయండి. నా మొదటి వ్యాసంలో నేను ఆయన శిష్యుణ్నని ఎక్కడా రాయలేదు. రాసి ఉంటే, ఈ కోపంలో సగం ఆయన నా అక్షరాలను ఎర్ర పెన్నుతో కొట్టేసిన రోజులదని చదివేవాళ్లు పసిగట్టేవాళ్లు. నేనూ పసిగట్టేవాణ్ని.

రాసేటప్పుడు

వాక్యాలు ఎలా మారతాయో చూపిస్తాను. మొదట నేను రాసింది: "ఈయన మంచి డిజైనరే గానీ చిత్రకారుడు కాదు." ఇది మనిషి మీద తీర్పు, దీనికి జవాబు చెప్పే దారి ఆయనకూ లేదు, చదివేవాళ్లకూ లేదు. మార్చాక: "ఎనిమిదింట్లో ఐదు కాన్వాసుల్లో కుప్ప మధ్యలో కూర్చుంది, అంచు దాకా వెళ్లిన మూడే నన్ను నిలబెట్టాయి." ఎవరైనా వెళ్లి చూసి, కాదు అనొచ్చు. కాదు అనడానికి వీలున్న మాట రాయడమే న్యాయం.

ఇంకోటి. "అక్షరాలు చదవలేకుండా ఉన్నాయి" అన్నదాన్ని ఇలా మార్చాను: "కాన్వాసు మీద అక్షరాలు చదవడానికి కావు. లేబుళ్ల మీది అక్షరాలు చదవడానికే, అవి చదవలేకుండా ఉన్నాయి."

"బహుశా", "ఏమో", "కొందరికి నచ్చవచ్చు" లాంటి మాటల వెనక దాక్కోకండి. లోపం అనిపిస్తే లోపం అనే రాయండి, కుండ బద్దలు కొట్టినట్టు. కానీ ఆ బద్దలు ఏ కుండవో చూపించండి. బాగున్నదాన్ని కూడా అంతే వివరంగా రాయండి. మనవాళ్లు పొగడ్తను ఒక వాక్యంలో చుట్టేసి, తిట్టును పేరాలు పేరాలు రాస్తారు. చదివే గురువుకు అందులో ఏమీ దొరకదు.

"ఇది ఆర్ట్, దీన్ని విమర్శించకూడదు" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. నలుగురిని పిలిచి గోడకు వేలాడదీసి, కింద ధర రాశాక, అది నలుగురి మాటకూ వచ్చినట్టే.

అచ్చుకు పంపే ముందు కొలతలు, సంవత్సరాలు, వాడిన రంగు లాంటివి ఆయనకే ఫోన్ చేసి సరిచూసుకోండి. మీ అభిప్రాయం చదివి వినిపించాల్సిన పని లేదు, వాస్తవాలు అడిగితే చాలు. నేను ఆ కాన్వాసులు ఎనామెల్ అనుకున్నాను, యాక్రిలిక్ అట. అచ్చయ్యాక తప్పు తేలితే ఎక్కడ అచ్చయిందో అక్కడే దిద్దుబాటు వేయించండి. ఫోన్‌లో సారీ చెప్పడంతో సరిపోదు, చదివినవాళ్లకు తెలియాలి.

నేను రెండో వ్యాసం రాశాను. మొదటి దాంట్లో తప్పు ఎక్కడ జరిగిందో ముందే చెప్పి, లేబుళ్ల సంగతి, ఐదు మూడు కాన్వాసుల సంగతి రాశాను. అచ్చయిన పత్రిక నేనే సార్ ఇంటికి పట్టుకెళ్లాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఆసాంతం చదివారు. లేబుళ్ల పేరా దగ్గర ఆగారు.

"ఎంత ఎత్తుల పెట్టాలె?"

"నాలుగున్నర, ఐదడుగుల మధ్యల సార్. అక్షరం ఇప్పుడున్నదానికి రెండింతలు."

పత్రిక అంచున పెన్సిల్‌తో రాసుకున్నారు. తర్వాత ఐదు కాన్వాసుల పేరా మీద వేలు పెట్టి, "గీ ముచ్చట మాత్రం నేను ఒప్పుకోను. కూసో, చెప్త" అన్నారు. సార్ భార్య రెండోసారి చాయ్ తెచ్చేదాకా దాని మీదే మాట్లాడుకున్నాం. మార్జిన్ లేకపోతే కుప్ప కుప్పలా కనబడదని, చుట్టూ ఖాళీ ఉంటేనే కూలినట్టు తెలుస్తుందని ఆయన వాదన. నేను ఇప్పటికీ ఒప్పుకోలేదు, ఆయనా ఒప్పుకోలేదు.